‘కొంచెం రక్తం.. అంతే కదండీ!’

మా క్లినిక్‌లో నాకు రోజూ వినిపించే మాట ఒకటుంది. ‘అంతే’. ‘‘నొప్పేం లేదు మేడమ్, బ్రష్ చేసేటప్పుడు కొంచెం రక్తం వస్తుంది, అంతే.’’ వచ్చింది వేరే పని మీద. పన్ను పిప్పి పట్టిందనో, పెళ్లి దగ్గర పడింది కాస్త పళ్లు తెల్లగా చేయమనో, క్లిప్పులకి ఎంతవుతుందో కనుక్కుందామనో వస్తారు. రక్తం సంగతి మాత్రం వెళ్లేటప్పుడు, చెప్పులు వేసుకుంటూ, ఊరికే గుర్తొచ్చినట్టు చెప్తారు. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే ‘‘ఇంటర్ నుంచీ ఉంది మేడమ్’’ అన్నాడు మొన్నో ఇరవై ఆరేళ్ల కుర్రాడు. అంటే ఎనిమిదేళ్లు!

ఎందుకొస్తోందనుకుంటున్నావు అంటే మన దగ్గర జవాబు ఒక్కటే. ‘వేడి చేసింది’. గుంటూరులో ప్రాక్టీసు కాబట్టి నాకిది ఇంకాస్త ఎక్కువ వినపడుతుందేమో. ఎండలు, పచ్చళ్లు, కారం.. ముక్కులోంచి రక్తం కారినా వేడే, నోట్లో పుండు లేచినా వేడే, చిగుళ్లోంచి వచ్చినా వేడే. దానికి మందు సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మజ్జిగ. వాటి మీద నాకేం కోపం లేదు. మే నెలలో నేనూ అవే తాగుతాను. కానీ చిగుళ్ల రక్తానికీ ఒంట్లో వేడికీ సంబంధం లేదు. కారానికీ లేదు. చిగుళ్లు అప్పటికే వాచి ఉంటే ఆవకాయ తగిలి భగ్గుమంటుంది, నిజమే. రక్తం తెప్పించేది మాత్రం ఆవకాయ కాదు.

తల దువ్వుకున్నప్పుడల్లా దువ్వెనకి రక్తం అంటుకుంటోందనుకోండి. ఎనిమిదేళ్లు ఊరుకుంటామా? రెండోరోజే స్కిన్ డాక్టర్ దగ్గర క్యూలో ఉంటాం. నోట్లోంచి వచ్చే రక్తం నురుగుతో కలిసి సింకులోకి పోతుంది, నీళ్లు తిప్పితే కనపడదు. అందుకే దానికంత అలుసు.

అసలు లోపల జరిగేది ఇదీ. పంటికీ చిగురుకీ మధ్య చుట్టూతా సన్నటి గాడి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న నోట్లో దాని లోతు మూడు మిల్లీమీటర్లు దాటదు. నోట్లో ఉండే సూక్ష్మజీవులు పంటి మీదా, ఆ గాడి అంచునా జిగురు పొరలా పేరుకుంటూనే ఉంటాయి. అదే పాచి. పొద్దున్నే నాలుకతో పళ్లు తడిమితే జిడ్డుజిడ్డుగా తగులుతుందే, అది. రోజుకారోజు తీసేస్తే పేచీ లేదు. అక్కడే వదిలేస్తే ఒళ్లు ఊరుకోదు. వాటిని తరిమేయడానికి ఆ చిగురులోకి రక్తాన్నీ, తెల్ల రక్తకణాలనూ ఎక్కువగా పంపిస్తుంది. సన్నటి రక్తనాళాలు ఉబ్బుతాయి. గాడి లోపలి పొర పల్చబడి పుండులా తయారవుతుంది. ఇక బ్రష్ కుచ్చు తగిలితే చాలు. అంటే రక్తం తెప్పించింది బ్రష్ కాదు. అప్పటికే అక్కడున్న పుండుని బ్రష్ బయటపెట్టింది, అంతే. (ఈసారి ‘అంతే’ నాది.)

దీన్ని మనుషుల మీదే పరీక్షించి చూశారు. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హరాల్డ్ లోయె అనే దంత శాస్త్రవేత్త పన్నెండు మందిని పళ్లు తోముకోవడం పూర్తిగా ఆపేయమన్నాడు. వాళ్లలో ఎక్కువమంది డెంటల్ స్టూడెంట్లే. పాపం, వాళ్ల సార్ చెప్తే కాదంటారా! అంతకుముందు ఆరోగ్యంగా ఉన్న చిగుళ్లు 10 నుంచి 21 రోజుల్లో పన్నెండు మందికీ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం రోజులకల్లా మామూలైపోయాయి. మందుల్లేవు, మాత్రల్లేవు. మా సబ్జెక్టులో ఇంత సింపుల్‌గా, ఇంత స్పష్టంగా ఉన్న ప్రయోగం ఇంకోటి లేదని నా అభిప్రాయం. కాలేజీలో చదివినప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టానుగానీ, దాని విలువ తెలిసింది ప్రాక్టీసులోకి వచ్చాకే.

ఎందుకంటే మనవాళ్లు చేసేది సరిగ్గా దానికి తలకిందులు. రక్తం వస్తోందని ఆ చోట బ్రష్ పెట్టడమే మానేస్తారు. వేలితో రుద్దుకునేవాళ్లు కొందరు, పుక్కిలించి ఊరుకునేవాళ్లు కొందరు. అక్కడ పాచి ఇంకా పెరుగుతుంది, వాపు ఇంకా పెరుగుతుంది, రక్తం ఇంకా వస్తుంది. ‘చూశావా, ముట్టుకుంటేనే వస్తోంది’ అని ఇంకొంచెం దూరం పెడతారు. రక్తం వచ్చే చోటే మెత్తటి బ్రష్‌తో, నెమ్మదిగా, ఇంకాస్త శ్రద్ధగా తోమాలి అని చెప్తే నా వైపు అనుమానంగా చూస్తారు.

వాచిన దశలోనే పట్టించుకుంటే మచ్చ కూడా మిగలదు. ఆ దశ దాటితే కథ వేరు. వదిలేసిన పాచిలో లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడుతుంది. బోరు నీళ్లు వాడే ఇంట్లో హీటర్ రాడ్‌కి తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి, అలా. అదే గార. కింది ముందు పళ్ల వెనక వైపూ, పై దవడ పళ్లకి బుగ్గ వైపూ ముందుగా కడుతుంది. లాలాజల గొట్టాలు తెరుచుకునేది అక్కడే మరి. గార మీద ఇంకా పాచి, దాని మీద ఇంకా గార. చిగురు పంటిని వదిలి కిందికి జారుతుంది. మూడు మిల్లీమీటర్ల గాడి ఐదవుతుంది, ఏడవుతుంది. దాన్ని మేం పాకెట్ అంటాం. ఆ లోతుకి మీ బ్రష్ చేరదు. చివరికి పంటిని పట్టుకుని ఉన్న ఎముక కరగడం మొదలవుతుంది. కరిగిన ఎముక దానంతటది తిరిగి రాదు. కొన్ని రకాల గుంతల్ని సర్జరీ చేసి కొంతవరకు పూడ్చగలం, అన్నిటినీ కాదు.

ఇంతా జరుగుతుంటే నొప్పి ఉండదు. అదీ దీనితో వచ్చిన చిక్కు. పిప్పి పన్ను రాత్రి రెండింటికి నిద్ర లేపి మరీ కూర్చోబెడుతుంది. చిగుళ్ల జబ్బు అలా కాదు, పన్ను వేలితో కదిలిస్తే కదిలేదాకా చప్పుడు చేయదు. దాని నోట్లోంచి వచ్చే ఒకే ఒక్క మాట ఆ రక్తం. చిగుళ్లు వాచిన ప్రతివాళ్లకీ ఎముక దాకా పోతుందని కాదు, చాలామందికి పోదు. ఎవరికి పోతుందో ముందే చెప్పలేం. తీవ్రమైన దశకి చేరినవాళ్లు ప్రపంచంలో 100 కోట్ల మందికి పైనే ఉంటారని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క వేసింది. ముసలివాళ్ల జబ్బనుకోకండి. పద్ధెనిమిది, ఇరవై ఏళ్లకే ముందు పళ్ల దగ్గరా, మొదటి దవడ పళ్ల దగ్గరా ఎముక కరిగిపోయే రకం కూడా ఒకటుంది.

ఇక ‘ఒంటికీ దీనికీ ఏంటి సంబంధం’ దగ్గరికి వద్దాం. పాకెట్ల లోపలి పొరంతా పుండే అన్నాను కదా. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో ఆ వాచిన లోపలి భాగాన్ని విప్పి పరిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉంటుందని ఒక అంచనా. పది రూపాయల నాణేలు రెండో మూడో పక్కపక్కన పెట్టినంత. అంత పుండు మోచేతి మీద చీము పట్టి ఉంటే ఆఫీసుకి సెలవు పెడతాం. ఇది నోట్లో, క్రిముల మధ్య, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంటుంది. నమిలినా, తోమినా కొన్ని క్రిములు రక్తంలోకి జారుకుంటాయి. మామూలుగా ఒళ్లు వాటిని నిమిషాల్లో తుడిచేస్తుంది. కానీ ఆ వాపు నుంచి పుట్టే రసాయనాలు రక్తంలో తిరుగుతూనే ఉంటాయి.

దీని ప్రభావం అన్నిటికంటే గట్టిగా రుజువైంది షుగర్ విషయంలో. నా దగ్గరికి వచ్చిన ఒకతని గురించి చెప్తాను. పేరూ ఊరూ వద్దు. వయసు ఇరవై తొమ్మిది, ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ పని, రోజంతా బండి మీదే. చిగురులో చీము గడ్డ కట్టిందని వచ్చాడు. తగ్గించి పంపాను. నెల తిరక్కుండా ఇంకో చోట. తర్వాత మూడోది. ఆ వయసులో అన్ని గడ్డలు ఊరికే రావు. ‘‘దాహం ఎక్కువవుతోందా? రాత్రిళ్లు లేస్తున్నావా?’’ అంటే ‘‘ఎండన పడి తిరుగుతాం కదా మేడమ్, దాహం ఉండదా’’ అన్నాడు. రక్త పరీక్ష రాసిచ్చాను. హెచ్‌బీఏ1సీ పదికి పైన వచ్చింది. ఆరున్నర దాటితేనే షుగర్ అంటారు.

రిపోర్టు చూసి అతను మొదట అన్న మాట జబ్బు గురించి కాదు. ‘‘ఇది ఎవరికీ చెప్పకండి మేడమ్, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు’’ అన్నాడు. వాళ్ల నాన్నకి షుగర్ వచ్చింది యాభై దాటాకట, ‘‘నాకు ఇప్పుడే ఏంటండీ’’ అన్నాడు. ఫిజీషియన్ పేరు రాసిచ్చి పంపితే ఐదు నెలలు కనపడలేదు. వాళ్లక్క చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేసరికి కింది ముందు పన్ను ఒకటి ఊగిపోతోంది. తీసేయక తప్పలేదు. ఆ తర్వాత మాత్రం రెండు వైద్యాలూ ఒకేసారి నడిచాయి. అక్కడ మాత్రలు, ఇక్కడ చిగుళ్ల లోపలి దాకా శుభ్రం చేయడం. ఇప్పుడు హెచ్‌బీఏ1సీ ఏడు దగ్గర ఉంది, గడ్డలు మళ్లీ రాలేదు. పెళ్లి సంగతి నేను అడగలేదు, అతను చెప్పలేదు.

ఇది రెండు వైపులా నడిచే దారి. రక్తంలో చక్కెర ఎక్కువుంటే క్రిములతో పోరాడే కణాలు మందగిస్తాయి, పుండు త్వరగా మానదు, చిగుళ్లు పాడవుతాయి. చిగుళ్లలో వాపు ఉంటే ఇన్సులిన్ సరిగ్గా పని చేయదు, చక్కెర ఇంకా పెరుగుతుంది. చిగుళ్లకి వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 దాకా తగ్గుతుందని అనేక పరిశోధనల్ని కలిపి చూసినవాళ్లు తేల్చారు. ‘ఓస్, పాయింట్ నాలుగేనా’ అనకండి. షుగర్ డాక్టర్‌ని అడిగితే ఆ నాలుగు కోసం ఎంత తంటాలు పడతారో చెప్తారు. అలాగని మాత్రలు మానేసి నా దగ్గరికి రమ్మని కాదు! ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకి పైనే. వాళ్లలో ఎందరికి ఉందని తెలుసు? పాతికేళ్ల వయసులో షుగర్ పరీక్ష చేయించుకోవాలని ఎవరికీ తోచదు. చిగుళ్లే తోపించాల్సి వస్తోంది.

గుండె విషయంలో నేను కాస్త ఆచితూచి మాట్లాడతాను. ‘చిగుళ్లలో రక్తం వస్తే హార్ట్ ఎటాక్ గ్యారంటీ’ అని రీల్స్ తిరుగుతున్నాయి. వాటిని నాకు ఫార్వర్డ్ చేసేవాళ్లకీ కొదవ లేదు. నిజం ఏంటంటే, చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో గుండె జబ్బులు ఎక్కువ కనిపిస్తున్నాయి. పూడుకుపోయిన రక్తనాళాల్లో చిగుళ్ల క్రిముల ఆనవాళ్లు కూడా దొరికాయి. కానీ సిగరెట్, షుగర్ రెండూ అటు చిగుళ్లనీ ఇటు గుండెనీ పాడు చేసేవే. వాటిని పక్కన పెట్టినా సంబంధం మిగులుతోందని, అయితే ఒకటి రెండోదానికి కారణమని ఇంకా రుజువు కాలేదని 2012లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పింది.

నాకు బాగా నచ్చిన పరిశోధన 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. లండన్‌లో తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్న 120 మందిని తీసుకున్నారు. సగం మందికి పూర్తి స్థాయి వైద్యం, మిగతావాళ్లకి మామూలు క్లీనింగ్. చేతి రక్తనాళం అవసరమైనప్పుడు ఎంత బాగా విచ్చుకుంటోందో కొలిచారు. పూర్తి వైద్యం చేయించుకున్నవాళ్లలో మర్నాడు అది ముందుకంటే తగ్గింది! అన్ని పాకెట్లూ ఒకేసారి కెలికితే ఒళ్లంతా కాసేపు వాపుతో స్పందించిందన్నమాట. ఆరు నెలలకి చూస్తే రెండో గుంపుకంటే వీళ్ల రక్తనాళాలు మెరుగ్గా పని చేస్తున్నాయి. నోట్లో చేసిన పని చేతి రక్తనాళంలో కనపడింది. దాని వల్ల గుండెపోట్లు తగ్గుతాయా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు ఇంకా రాలేదు.

ఒక్క విషయంలో మాత్రం సందేహం లేదు. గుండె కవాటం మార్పించుకున్నవాళ్లూ, ఒకసారి కవాటానికి ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గినవాళ్లూ, పుట్టుకతో కొన్ని రకాల గుండె లోపాలున్నవాళ్లూ నోటిని అశ్రద్ధ చేయకూడదు. వీళ్లకి నోటి క్రిములు కవాటం మీద తిష్ఠ వేయగలవు. అందుకే పళ్ల వైద్యానికి ముందు యాంటీబయాటిక్ ఇస్తాం. ఇంట్లో అలాంటివాళ్లుంటే డెంటిస్టుకి మొదటి మాటగా అదే చెప్పండి.

నేనెందుకింత జాగ్రత్తగా మాట్లాడుతున్నానంటే, మా వృత్తికి ఒక చెడ్డ చరిత్ర ఉంది. 1910లో విలియం హంటర్ అనే ఇంగ్లండ్ డాక్టర్ మాంట్రియల్‌లో ఉపన్యాసమిచ్చి, ఒంట్లోని సవాలక్ష జబ్బులకి మూలం నోట్లోని క్రిములే అన్నాడు. అది ఫ్యాషనైపోయింది. కీళ్ల నొప్పులా, పళ్లు పీకేయ్. నీరసమా, పళ్లు పీకేయ్. అమెరికాలోని ట్రెంటన్ మానసిక ఆసుపత్రికి పెద్దగా ఉన్న హెన్రీ కాటన్ పిచ్చి తగ్గించడానికి రోగుల పళ్లు పీకించాడు. తగ్గకపోతే టాన్సిల్స్, అప్పటికీ తగ్గకపోతే పెద్దపేగు కోయించాడు. ఎంతోమంది చచ్చిపోయారు. ఇప్పుడు మళ్లీ మతిమరుపు జబ్బుకి చిగుళ్ల క్రిములే కారణమంటున్నారు. 2019లో ఒక పరిశోధన అల్జీమర్స్ రోగుల మెదడులో ఆ క్రిముల ఆనవాళ్లు చూపించింది. సరే, వాటి విషాన్ని అడ్డుకునే మందు తయారు చేసి ఆరువందల మందికి పైగా ఇచ్చి చూస్తే, 2021లో వచ్చిన ఫలితం అనుకున్నట్టు లేదు. కాబట్టి ఈ ముక్క రీల్‌లో కనపడితే ఫార్వర్డ్ చేయకుండా వదిలేయండి. తాతగారి పళ్లు తోమించడానికి అల్జీమర్స్ భయం అక్కర్లేదు, అన్నం నమలగలగడం చాలు.

కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్లు ఎక్కువగా వాచి రక్తం రావడం మామూలే. హార్మోన్ల వల్ల అదే పాచికి చిగుళ్లు రెట్టింపు స్పందిస్తాయి. కొందరికి పళ్ల మధ్య ఎర్రటి కండలా పెరుగుతుంది, కాన్పయ్యాక చాలావరకు అదే తగ్గుతుంది. ‘కడుపుతో ఉన్నప్పుడు పళ్ల జోలికి పోకూడదు’ అని అత్తగార్లు ఆపేస్తుంటారు. క్లీనింగ్ ఎప్పుడైనా చేయించుకోవచ్చు, నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా అయితే కుర్చీలో పడుకోవడానికీ సుఖం. క్లీనింగ్ చేయిస్తే నెలలు నిండకముందే కాన్పవడం తగ్గుతుందా అని అమెరికాలో ఎనిమిది వందల మందికి పైగా గర్భిణుల మీద చూశారు. తగ్గలేదు. కానీ తల్లికీ బిడ్డకీ హాని ఏమీ లేదనీ, చిగుళ్లు బాగుపడ్డాయనీ తేలింది. అక్కకో వదినకో ఈ మాట చేరవేయండి.

ఇంతవరకూ పాచి వల్ల వచ్చే రక్తం గురించి. అసలు పాచితో పని లేకుండా వచ్చే రక్తం ఉంది. దాన్ని గుర్తు పట్టడం ఇంకా ముఖ్యం.

వానాకాలం జ్వరాలప్పుడు గుర్తుంచుకోండి. డెంగీ జ్వరం మూడు రోజుల నుంచి వారంలోపు తగ్గుముఖం పడుతుంది. ‘హమ్మయ్య’ అనుకునే ఆ టైములోనే ప్రమాదం. అప్పుడు చిగుళ్లోంచో ముక్కులోంచో రక్తం, కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగకుండా వాంతులు, మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా డెంటిస్టు దగ్గరికి కాదు, వెంటనే ఆసుపత్రికి. ఒళ్లు నొప్పులని ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేసుకోకూడదు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో.

మూడేళ్ల కిందట డిగ్రీ చదివే ఒకమ్మాయి హాస్టల్ నుంచి వచ్చింది. చిగుళ్లు ఉబ్బి పళ్లని సగం కప్పేశాయి. పళ్లు చూస్తే శుభ్రంగానే ఉన్నాయి, గార లేదు. నాకు తేడా కొట్టింది అక్కడే. ఇంత పాచి లేని నోట్లో ఇంత రక్తమా? మొహం పాలిపోయి ఉంది. చేతి మీద నీలం మచ్చలు. ‘‘తగిలిందా?’’ అంటే ‘‘గుర్తు లేదు మేడమ్’’ అంది. రెండు వారాలుగా జ్వరం వచ్చి పోతోందట. క్లీనింగ్ చేయమని వచ్చిన పిల్లని ముట్టుకోకుండా ల్యాబ్‌కి పంపాను. సీబీపీలో తెల్ల రక్తకణాలు లక్ష దాటి ఉన్నాయి. ఆ సాయంత్రమే వాళ్ల నాన్నకి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నాను. బ్లడ్ క్యాన్సర్. వైద్యం పూర్తయింది, మొన్న ఉగాదికి మెసేజ్ పెట్టింది, జుట్టు ఒత్తుగా వచ్చిందని. ఇలాంటివి అరుదు, చాలా అరుదు. మీ చిగుళ్లోంచి రక్తం వస్తే ఇదేనని హడలిపోకండి. కానీ శుభ్రంగా తోముకుంటున్నా ఆగని రక్తం, దానికి తోడు నీరసం, జ్వరం, తగలకుండా పడే మచ్చలు ఉంటే ఒక్క రక్త పరీక్ష చేయించుకోండి. గుండెకి వాడే రక్తం పల్చబరిచే మాత్రల వల్లా రావచ్చు. అది చూసి మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి, అది పంటి రక్తం కంటే పెద్ద ప్రమాదం.

మరి రక్తమే రాకపోతే? సిగరెట్ తాగేవాళ్లు ఇక్కడ మోసపోతారు. నికోటిన్ రక్తనాళాల్ని బిగిస్తుంది కాబట్టి లోపల ఎముక కరుగుతున్నా పైకి రక్తం రాదు. చిగుళ్లు గట్టిగా, బాగున్నట్టే కనపడతాయి. ‘‘నాకెప్పుడూ రక్తం రాలేదే’’ అన్నవాళ్ల ఎక్స్‌రే చూసి గతుక్కుమన్న సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. మానేసిన కొత్తలో రక్తం మొదలవుతుంది కొందరికి. ‘మానేస్తేనే రోగమొచ్చింది’ అని మళ్లీ అంటించకండి. చిగుళ్లు ప్రాణం పోసుకుంటున్నాయని అర్థం.

ఇక క్లీనింగ్. ‘చేయిస్తే పళ్లు కదులుతాయట కదా, సందులొస్తాయట కదా’. ఈ ‘అట’లకి జవాబు చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది. ఆ సందుల్లో ఇన్నాళ్లూ గార కూరుకుపోయి ఉంది. అది తీసేస్తే సందు కనపడుతుంది. వాపు తగ్గి చిగురు తన చోటికి పోతే పన్ను పొడుగైనట్టు అనిపిస్తుంది. గార పట్టుకుని నిలబెట్టిన పన్ను గార తీశాక కదిలితే, దానర్థం దాని కింద ఎముక ఎప్పుడో పోయిందని. పాత గోడకి వేసిన పోస్టర్ చించితే బీటలు కనపడ్డాయని పోస్టర్ చించినవాణ్ని తిడతామా? డబ్బు ఇబ్బందైతే హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లోనూ బయటి క్లినిక్‌లకంటే చాలా తక్కువ. స్టూడెంట్లు చేస్తారు, టైము పడుతుంది, వెనక ప్రొఫెసర్ నిలబడి చూస్తుంటారు. అంత ఓపికగా నేనూ చేయలేను!

ఇంట్లో చేయాల్సింది పెద్దగా లేదు. మెత్తటి బ్రష్. కుచ్చు పంటి మీద కాదు, పన్నూ చిగురూ కలిసే గీత మీద వాలుగా ఆనించి, చిన్నచిన్నగా కదిలించాలి. రెండు నిమిషాలు, ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. రీల్స్ చూస్తూ తోమితే టైము గడుస్తుందిగానీ బ్రష్ ఒక్క వైపే తిరుగుతుంటుంది, గమనించి చూడండి. రాత్రి పడుకునే ముందు తోమడం తప్పనిసరి, పొద్దున్నది మానినా పర్లేదు అనేంత. పళ్ల సందుల్లోకి బ్రష్ పోదు, రోజుకోసారి ఫ్లాస్ దారమో, సందు పెద్దదైతే దానికుండే చిన్న బ్రషో వాడాలి. కొత్తలో దానికీ రక్తం వస్తుంది, వారంలో ఆగుతుంది. వేపపుల్ల మంచిదే, చివర బాగా నమిలి కుచ్చులా చేసుకుంటే. కానీ వెనక పళ్ల లోపలి వైపుకి తిప్పడం కష్టం. ఉప్పు, బొగ్గు, ఇటుక పొడి వద్దు, అరగదీస్తాయి. గోరువెచ్చటి ఉప్పు నీళ్లు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది, దాంతో గార కరగదు. షాపులో కొని నెలల తరబడి క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలించేవాళ్లున్నారు, పళ్లు గోధుమ రంగుకి తిరిగాక వస్తారు. అది డాక్టర్ చెప్పినన్ని రోజులే.

రెండు వారాలు ఇలా చేశాక కూడా రక్తం వస్తుంటే వెళ్లి చూపించుకోండి. వెళ్లినప్పుడు డాక్టర్ సన్నటి గీతల పుల్లతో పంటి చుట్టూ లోతు కొలిచారా లేదా చూడండి. కొలవకుండా ‘అంతా బాగుంది’ అంటే కొలవమని అడగండి, అడిగితే మేమేం అనుకోం. వాడుతున్న మాత్రలన్నీ ఫోటో తీసుకెళ్లండి. ఇంట్లో ఎవరికి షుగర్ ఉందో, చిన్న వయసులో పళ్లు ఊడినవాళ్లు ఎవరున్నారో చెప్పండి. సిగరెట్ సంగతి పక్కన అమ్మ ఉంటే చెప్పలేరని మాకు తెలుసు. ఎక్స్‌రే తీయాలి, కాసేపు బయట కూర్చోండమ్మా అని మేమే పంపిస్తాం.